రొయ్యల చెరువు కంట్రోల్ బోర్డుకు మిక్స్‌డ్ సిగ్నల్ మైక్రోకంట్రోలర్‌ను ఎంచుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రాత్రిపూట భీమవరం నుంచి ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు వైపు వెళితే దారి పొడవునా చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తుంది. పగలు ఎండ ఉన్నంతసేపు చెరువులోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటారు కాలినా, నెలల తరబడి పోసిన మేత, పెట్టిన పెట్టుబడి నీళ్లపాలవుతాయి.

ఆ వేళను కనిపెట్టుకుని ఉండే చిన్న బోర్డు గురించి ఈ వ్యాసం. స్టార్టర్ పెట్టెలో పట్టేటంత, అరచేతి సైజు బోర్డు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీఓ అనేదాన్ని, నీటి ఉష్ణోగ్రతను, మోటారుకు వెళ్లే మూడు ఫేజుల కరెంటును అది కొలవాలి. మోటారును ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్చు, అంటే కాంటాక్టర్‌ను నడపాలి. తేడా వస్తే ఫోనుకు సందేశం పంపాలి. ఈ పనులన్నిటికీ ఒకే చిప్పు కావాలంటే మిక్స్‌డ్ సిగ్నల్ మైక్రోకంట్రోలర్ వైపు చూస్తాం. ప్రాసెసర్, మెమరీ, టైమర్లతో పాటు ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది), డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చేది), కంపారేటర్లు (రెండు వోల్టేజీలను పోల్చేవి), ఆప్‌ఆంపులు (చిన్న సిగ్నల్‌ను పెంచేవి) ఒకే సిలికాన్ ముక్కపై ఉండే చిప్పు అది. బయట పెట్టాల్సిన భాగాలు తగ్గుతాయి, బోర్డు చిన్నదవుతుంది, తేమకు తుప్పు పట్టే టంకాలు కూడా తగ్గుతాయి.

చాలామంది మెగాహెర్ట్జ్, మెమరీ, ఏడీసీ బిట్లు చూసి చిప్పును ఎంచుకుంటారు. నా మొదటి బోర్డుకు నేనూ అలాగే ఎంచుకున్నాను. బల్ల మీద చక్కగా నడిచిన ఆ బోర్డు, మొగల్తూరు దగ్గర ఒక చెరువు గట్టున మేలో మధ్యాహ్నం ఒక లెక్క, తెల్లవారుజామున మరో లెక్క చూపింది. ఆ తర్వాత నేను క్రమాన్ని తిరగేశాను. బోర్డులోకి వచ్చే అన్నిటికంటే బలహీనమైన సిగ్నల్ ఏది, దానికి అన్నిటికంటే గడ్డు వేళ ఏది అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, చిప్పు పేరు దాకా వెనక్కి నడుస్తాను. కింది అడుగులన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

అడుగు 1: సిగ్నళ్లన్నీ కాగితం మీద పెట్టండి

చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్, తెరవకముందే ఒక పట్టిక గీయండి. ఒక్కో సిగ్నల్‌కు ఐదు విషయాలు రాయండి: కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజీ, ఎంత చిన్న మార్పును గుర్తించాలి, సెన్సార్ నిరోధం ఎంత, ఎంత వేగంగా మారుతుంది, తప్పు కొలిస్తే ఏమవుతుంది. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. ఉష్ణోగ్రత అర డిగ్రీ తప్పితే పెద్ద నష్టం లేదు. డీఓ ఒక మిల్లీగ్రాము ఎక్కువ చూపితే మాత్రం తిరగాల్సిన ఏరేటర్ ఆగిపోతుంది. చిప్పు మీద పెట్టే ఖర్చు ఎక్కడికి పోవాలో ఆ గడి చెబుతుంది.

అడుగు 2: బలహీనమైన సిగ్నల్‌కు లెక్క కట్టండి

మన బోర్డులో బలహీనమైనది డీఓ ప్రోబు, అంటే నీటిలో ముంచే సెన్సార్. రెండు రకాలు దొరుకుతాయి. ఆప్టికల్ ప్రోబు లోపలే లెక్క కట్టి ఆర్‌ఎస్-485 అనే డిజిటల్ తీగపై అంకె పంపుతుంది. అది వాడితే మీకు అనలాగ్ చిక్కు చాలావరకు తప్పుతుంది, ధర మాత్రం ఎక్కువ. గాల్వానిక్ ప్రోబు చవక, కానీ కొన్ని పదుల మిల్లీవోల్టులే ఇస్తుంది.

గాలిలో 40 మిల్లీవోల్టులు ఇచ్చే గాల్వానిక్ ప్రోబు ఉందనుకుందాం. 30 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ పూర్తిగా కరిగితే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. అంటే ఒక మిల్లీగ్రాముకు 5.3 మిల్లీవోల్టులు. 0.1 మిల్లీగ్రాము తేడా చూడాలంటే 0.53 మిల్లీవోల్టును గుర్తించాలి. 2.5 వోల్టుల రిఫరెన్సుతో (ఏడీసీ కొలబద్దగా వాడే స్థిర వోల్టేజీతో) 12 బిట్ల ఏడీసీలో ఒక్క మెట్టే 0.61 మిల్లీవోల్టు. ప్రోబును నేరుగా ఏడీసీకి కలిపితే మనకు కావలసిన తేడా ఒక్క మెట్టుకు కూడా రాదు.

అదే సిగ్నల్‌ను చిప్పులోని ఆప్‌ఆంపుతో 33 రెట్లు పెంచితే 40 మిల్లీవోల్టులు 1.32 వోల్టులవుతాయి. 0.1 మిల్లీగ్రాము తేడా 17 మిల్లీవోల్టులు దాటుతుంది, అంటే 28 మెట్లకు పైనే. బిట్లు పెంచకుండానే పని జరిగింది. కాబట్టి మనం వెతకాల్సింది గెయిన్, అంటే పెంచే రెట్లు, మార్చుకోగల ఆప్‌ఆంపు లోపల ఉన్న చిప్పు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. ఆప్‌ఆంపుకు ఆఫ్‌సెట్ అనే దోషం ఉంటుంది. ఇన్‌పుట్ సున్నా అయినా లోపల కొన్ని మిల్లీవోల్టులు ఉన్నట్టే అది ప్రవర్తిస్తుంది. 3 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ అంటే మన ప్రోబు లెక్కలో 0.56 మిల్లీగ్రాము. సోడియం సల్ఫైట్ కలిపి ఆక్సిజన్ తీసేసిన నీటిలో ప్రోబును ముంచి సున్నాను సరిచేయవచ్చు. కానీ పెట్టె వేడెక్కితే ఆఫ్‌సెట్ మళ్లీ జరుగుతుంది, ఆ జరుగుడును ఉదయం చేసిన క్యాలిబ్రేషన్ ఆపలేదు. అందుకే డేటాషీట్‌లో ఆఫ్‌సెట్ విలువ పక్కన, డిగ్రీకి ఎంత జరుగుతుందో చెప్పే డ్రిఫ్ట్ విలువను కూడా తప్పక చూడండి. తనను తాను సరిచేసుకునే చాపర్ రకం, అంటే జీరో డ్రిఫ్ట్ ఆప్‌ఆంపు లోపల ఉంటే ఆ చిప్పుకు నా దగ్గర ఎక్కువ మార్కులు.

ఇంకో చిక్కు: ఏ ఆప్‌ఆంపు అవుట్‌పుట్టూ కచ్చితంగా సున్నా దాకా దిగదు. మనకు ప్రాణాపాయం చెప్పే విలువలు సున్నా దగ్గరే ఉన్నాయి. ప్రోబు కింది కొసను నేలకు కాకుండా, డీఏసీ నుంచి బఫర్ (వోల్టేజీని మార్చకుండా బలం ఇచ్చే ఆప్‌ఆంపు) ద్వారా ఇచ్చే 0.3 వోల్టులకు కలపండి. గెయిన్ నిరోధాల కింది కొసనూ అక్కడికే కలిపితే మొత్తం సిగ్నల్ 0.3 నుంచి 1.62 వోల్టుల మధ్య హాయిగా కూర్చుంటుంది. లోపల డీఏసీ ఉన్న చిప్పు తన ఖరీదును ఇలాంటి చోట రాబట్టుకుంటుంది.

గాల్వానిక్ ప్రోబు నిజానికి ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని చూస్తుంది, మిల్లీగ్రాములను కాదు. ఉప్పు పెరిగేకొద్దీ నీరు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది, ప్రోబు మాత్రం అదే వోల్టేజీ ఇస్తుంది. కైకలూరు వైపు చెరువులో ఉప్పు తక్కువ. నరసాపురం, మొగల్తూరు వైపు సముద్రపు పోటు తగిలే కాలువ నీటిలో ఎక్కువ, అదీ కాలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఉప్పు శాతాన్ని రైతు మార్చుకునే వీలు ప్రోగ్రాములో ఉండాలి. లోపల ఉష్ణోగ్రత సవరణ లేని ప్రోబుల్లో పొర గుణం డిగ్రీకి సుమారు 3 శాతం మారుతుంది గనుక ప్రోబు పక్కనే ఒక థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సార్) కూడా కావాలి.

పీహెచ్ కూడా కొలవాలనుకుంటే

ఇది వేరే లోకం. గాజు పీహెచ్ ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్‌కు 59 మిల్లీవోల్టులు ఇస్తుంది, చూడటానికి పెద్ద సిగ్నలే. కానీ దాని నిరోధం వంద మెగాఓముల స్థాయిలో ఉంటుంది. 100 మెగాఓముల గుండా ఒక్క నానోఆంపు లీకయినా 100 మిల్లీవోల్టుల తప్పు, అంటే దాదాపు 1.7 పీహెచ్. మైక్రోకంట్రోలర్ పిన్నుల లీకేజీ హామీ సాధారణంగా పదుల నానోఆంపుల్లో ఉంటుంది. పైగా వేడి పెరిగేకొద్దీ లీకేజీ పెరుగుతుంది, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అవుతుంది. కాబట్టి లోపలి ఆప్‌ఆంపు ఎంత మంచిదైనా పీహెచ్‌కు వాడకండి. ఎల్‌ఎంపీ7721 లాంటి, ఫెమ్టోఆంపుల ఇన్‌పుట్ కరెంటు ఉన్న ఆప్‌ఆంపును బయట పెట్టండి. దాని ఇన్‌పుట్ చుట్టూ గార్డ్ రింగు (లీకేజీని అడ్డుకునే రాగి గీత) గీయండి. మన తీరంలో ఉప్పుగాలి బోర్డు మీద సన్నని పొరగా పేరుకుని, రాత్రి మంచుకు తడిసి తానే ఒక నిరోధంలా మారుతుంది. టంకం తర్వాత ఫ్లక్స్‌ను పూర్తిగా కడిగి, ఆరబెట్టి, కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలనివ్వని పూత) వేయకపోతే ఎంత మంచి చిప్పు పెట్టినా ఫలితం దక్కదు.

రెండు ప్రోబులూ ఒకే చెరువులో ఉంటే నీరే వాటిని కలిపేస్తుంది. ఒకదాని కరెంటు మరొకదాని గుండా తిరిగి వస్తుంది. పీహెచ్ భాగాన్ని విద్యుత్‌పరంగా వేరుచేయాలి, దానికి ఐసొలేటెడ్ సరఫరా ఇవ్వాలి. అలాంటప్పుడు అన్నీ ఉన్న ఒక పెద్ద చిప్పు కంటే రెండు చిన్న చిప్పులు మేలు.

అడుగు 3: వేగం నిజంగా ఎంత కావాలో తేల్చండి

2 హార్స్‌పవర్ ఏరేటర్ మోటారు మూడు ఫేజుల మీద నిండు లోడులో సుమారు 3.3 ఆంపులు తీసుకుంటుంది. బయలుదేరేటప్పుడు ఆరేడు రెట్లు, అంటే 23 ఆంపుల దాకా పోతుంది. 1000:1 కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు 33 ఓముల బర్డెన్ నిరోధం (దాని కరెంటును వోల్టేజీగా మార్చేది) పెడితే నడిచేటప్పుడు శిఖరం దగ్గర 154 మిల్లీవోల్టులు, బయలుదేరేటప్పుడు 1.08 వోల్టులు వస్తాయి. 1.25 వోల్టుల మధ్యబిందువు మీద కూర్చోబెడితే రెండూ 2.5 వోల్టుల పరిధిలో పడతాయి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు 50 ఓములు పెట్టి ఉంటే బయలుదేరే కరెంటు పరిధి దాటి కత్తిరించుకుపోయేది.

50 హెర్ట్జ్ తరంగానికి ఒక చక్రంలో 64 నమూనాలు చాలు. మూడు ఫేజులకు కలిపి సెకనుకు 9,600. సెకనుకు 40 లక్షల నమూనాలు తీసే ఏడీసీకి ఇక్కడ పని లేదు. ఒక ఫేజు పోతే ఆ తీగలో కరెంటు సున్నాకు పడుతుంది, మిగతా రెండింటిలో ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. దాన్ని గుర్తించి ఒకటి రెండు సెకన్లలో ఆపితే మోటారు దక్కుతుంది. వేగం నిజంగా అవసరమయ్యేది నేరుగా షార్ట్ అయినప్పుడు. ఆ రక్షణ ఫ్యూజుది, బ్రేకరుది. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను కూడా, మన బోర్డు ఉంది కదా అని తీసేయనివ్వకండి.

డీఓ, ఉష్ణోగ్రత సెకనుకు ఒకసారి చాలు. కానీ ఒక్కో కొలతను సరిగ్గా 20 మిల్లీసెకన్లు, లేదా దాని గుణిజాల సేపు సగటు తీయండి. తీగల్లోకి దూరే 50 హెర్ట్జ్ గుయ్యి దానంతట అదే రద్దవుతుంది.

అడుగు 4: రిఫరెన్సు, వేడి

ఏడీసీ చెప్పే ప్రతి అంకె రిఫరెన్సు వోల్టేజీతో పోల్చి చెప్పేదే. గట్టున ఎండలో ఉన్న ఇనుప పెట్టె లోపల 65 డిగ్రీలు తేలిగ్గా వస్తాయి. 25 నుంచి 65 దాకా 40 డిగ్రీల మార్పు. రిఫరెన్సు డిగ్రీకి 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) జరిగేదైతే 0.2 శాతం తేడా, మన పనికి సరిపోతుంది. డేటాషీట్ ఆ విలువను చెప్పకుండా దాటేస్తే అనుమానించండి. థర్మిస్టర్‌కు మాత్రం రిఫరెన్సు బాధ లేదు. ఏడీసీ రిఫరెన్సు వోల్టేజీనే దాని డివైడర్‌కూ ఇస్తే తప్పు రెండు వైపులా రద్దవుతుంది.

85 డిగ్రీల గ్రేడు కాగితం మీద సరిపోయినా నేను 105 డిగ్రీల గ్రేడే తీసుకుంటాను. పెట్టెలో మోడెము, పవర్ సప్లై కూడా వేడి పుట్టిస్తాయి. చిప్పు 85 దగ్గర చచ్చిపోదు, కానీ లీకేజీ, డ్రిఫ్ట్ హామీలన్నీ ఆ గీత దగ్గర ముగుస్తాయి.

అడుగు 5: కరెంటు ఊగే క్షణం

లైను నుంచి జనరేటర్‌కు మార్చే వేళ సరఫరా పడి, లేచి, మళ్లీ పడుతుంది. ఈ అడుగు దగ్గరే చిప్పుల అసలు గుణం బయటపడుతుంది. ఒక రైతు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే: బోర్డు చచ్చిపోతే ఏరేటర్ తిరుగుతుందా, ఆగుతుందా? తిరగాలి. అందుకు కాంటాక్టర్ కాయిల్‌ను రిలే యొక్క మామూలుగా మూసి ఉండే కాంటాక్టు గుండా ఇవ్వండి. ఏరేటర్‌ను ఆపాలంటేనే బోర్డు పని చేయాలి, తిప్పడానికి బోర్డు అక్కర్లేదు.

ఇక డేటాషీట్‌లో మూడు విషయాలు వెతకండి. రీసెట్ సమయంలో పిన్నులు ఏ స్థితిలో ఉంటాయి? చాలా చిప్పుల్లో అవి ఎటూ కాకుండా తేలుతుంటాయి. రిలే ట్రాన్సిస్టర్ బేసుకు పుల్‌డౌన్ నిరోధం పెట్టకపోతే మార్పిడి వేళ రిలే టకటకా కొట్టుకుంటుంది. బ్రౌన్ఔట్ రీసెట్ మట్టాన్ని, అంటే సరఫరా ఎంతకు పడితే చిప్పు రీసెట్ కావాలో ఆ వోల్టేజీని, మార్చుకోవచ్చా? ఏడీసీ, ఆప్‌ఆంపులకు కావలసిన కనిష్ఠ వోల్టేజీ ప్రాసెసర్‌కు కావలసిన దానికంటే ఎక్కువగా ఉండవచ్చు. ఆ మధ్యలో ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, కొలతలు మాత్రం అబద్ధం చెబుతాయి. ప్రోగ్రాము ఇరుక్కుపోతే చిప్పును రీసెట్ చేసే వాచ్‌డాగ్‌కు తనదైన ఆసిలేటర్ (గడియారం) ఉందా? ప్రధాన గడియారం ఆగితే దానితోపాటు ఆగిపోయే వాచ్‌డాగ్ కాపలా కాయలేదు.

మెమరీ సంగతి కూడా ఇక్కడిదే. చివరి కొలతను నిమిషానికోసారి భద్రపరిస్తే రోజుకు 1,440 రాతలు. మామూలు ఫ్లాష్‌కు 10,000 సార్ల హామీ ఉంటుంది. ఒకే చోట రాస్తే ఏడు రోజుల్లో హామీ అయిపోతుంది. చోట్లు మార్చుతూ రాసే ప్రోగ్రాము చేయవచ్చు, లేదా ఎఫ్‌ర్యామ్ (కరెంటు పోయినా చెరగని మరో రకం మెమరీ) ఉన్న చిప్పు తీసుకోవచ్చు. ఎఫ్‌ర్యామ్ రాతల హామీ పదిహేను సున్నాల అంకె. పైగా కరెంటు పోతున్న చివరి మిల్లీసెకన్లలో కూడా రాసేయగల వేగం దానికి ఉంది.

కరెంటు తిరిగి వచ్చాక ఏరేటర్లన్నీ ఒకేసారి లేస్తే జనరేటర్ కూలబడుతుంది. ఒక్కో బోర్డుకు వేర్వేరు ఆలస్యం పెట్టడం మరచిపోవద్దు. బోర్డు చచ్చినా తిరగాలన్న నియమం చెడకుండా, ఈ ఆలస్యాన్ని కాయిల్ దారిలో టైమర్ రిలేతో ఇవ్వండి.

అడుగు 6: పిన్నులు, ప్యాకేజీ

చిప్పులో నాలుగు ఆప్‌ఆంపులు ఉన్నాయని మురిసిపోతే చాలదు. ఆప్‌ఆంపు అవుట్‌పుట్, మోడెముతో మాట్లాడే సీరియల్ తీగ (యూఆర్ట్), ప్రోగ్రామింగ్ తీగ ఒకే పిన్నును కోరుకోవచ్చు. తయారీదారు ఇచ్చే పిన్నుల సాఫ్ట్‌వేర్‌లో మీ పట్టిక మొత్తం దించి, ఒక్క గొడవా లేదని తేలాకే సర్క్యూట్ గీయండి. మూడు నాలుగు పిన్నులు ఖాళీగా మిగలాలి.

ప్యాకేజీ విషయంలో నా అభిప్రాయం గట్టిది. కాళ్లు బయటికి రాని క్యూఎఫ్‌ఎన్ ప్యాకేజీ చిన్నదే, కానీ దాని టంకాలు కడుపు కింద ఉంటాయి. పాలకొల్లులోనో అమలాపురంలోనో మరమ్మతు చేసే మనిషి చేతిలో మామూలు టంకపు కడ్డీ ఉంటుంది. కాళ్ల మధ్య 0.65 మిల్లీమీటర్ల దూరం ఉన్న టీఎస్‌ఎస్‌ఓపీ, 0.8 ఉన్న 32 కాళ్ల ఎల్‌క్యూఎఫ్‌పీ ప్యాకేజీల టంకాలు కంటికి కనిపిస్తాయి, చేతికి లొంగుతాయి.

అడుగు 7: ఇప్పుడు చిప్పుల పేర్లు

ఇక్కడిదాకా వచ్చాక జాబితా దానంతట అదే చిన్నదవుతుంది.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎంఎస్‌పీ430ఎఫ్‌ఆర్2355 ఈ పనికి నా మొదటి ఎంపిక. 32 కిలోబైట్ల ఎఫ్‌ర్యామ్, 12 బిట్ల ఏడీసీ, ఆప్‌ఆంపు, డీఏసీ కలిసిన అనలాగ్ గదులు నాలుగు, 33 దాకా గెయిన్, 105 డిగ్రీల హామీ, 38 కాళ్ల టీఎస్‌ఎస్‌ఓపీ (కాళ్ల దూరం మాత్రం 0.5 మిల్లీమీటర్లు). ర్యామ్ 4 కిలోబైట్లే. కాబట్టి ఇంటర్నెట్ భారమంతా మోడెము మోయాలి.

మైక్రోచిప్ వారి ఏవీఆర్128డీబీ 5.5 వోల్టుల దాకా నడుస్తుంది. కాంటాక్టర్ల పక్కన, పొడవైన తీగల మీద 5 వోల్టుల సిగ్నల్‌కు రొద తట్టుకునే బలం ఎక్కువ. 28 కాళ్ల రకం డిప్ (పొడవు కాళ్ల) ప్యాకేజీలోనూ వస్తుంది గనుక విద్యార్థులు బ్రెడ్‌బోర్డు మీద నేర్చుకోవచ్చు. జీరో డ్రిఫ్ట్ ఆప్‌ఆంపులు లోపలే కావాలంటే టెక్సాస్ వారి ఎంఎస్‌పీఎం0జీ3507 చూడండి. ఎస్‌టీఎం32జీ431లో 170 మెగాహెర్ట్జ్, మూడు ఆప్‌ఆంపులు, నాలుగు కంపారేటర్లు ఉన్నాయి. మోటారును వేగం మార్చి నడిపే డ్రైవు చేస్తే అదే సరైనది, కేవలం ఆన్, ఆఫ్ చేయడానికి అది అనవసరం. మిల్లీవోల్టులను ఆప్‌ఆంపు చిక్కులు లేకుండా కొలవాలంటే, డబ్బుకు వెనుకాడకపోతే, అనలాగ్ డివైసెస్ వారి ఏడీయూసీఎం360లో 24 బిట్ల సిగ్మా డెల్టా (నెమ్మదిగా, సూక్ష్మంగా కొలిచే) ఏడీసీలు రెండు ఉన్నాయి.

అందరి చేతుల్లో ఉండే ఈఎస్‌పీ32ను ఇక్కడ ప్రధాన కొలతకు వాడకండి. వైఫై పనిచేస్తున్నప్పుడు దాని రెండో ఏడీసీ అందుబాటులో ఉండదు, మొదటిది కూడా సరళరేఖలో నడవదు. ఆర్‌పీ2040 ఏడీసీ 12 బిట్లదే అయినా నిజంగా పనికొచ్చేవి సుమారు 8.7 బిట్లని దాని డేటాషీటే చెబుతుంది. చిప్పు అమ్మే పేజీలో కనిపించే బిట్లు వేరు, ఈఎన్‌ఓబీ (నిజంగా పనికొచ్చే బిట్ల సంఖ్య) అని డేటాషీట్ లోపల ఉండే బిట్లు వేరు.

జాబితా రెండుకు తగ్గాక, ఆ రెండు చిప్పుల ఎర్రాటా పత్రాలను మొదటి నుంచి చివరిదాకా చదవండి. తయారీదారు తన చిప్పు దోషాలను తానే ఒప్పుకునే పత్రం అది.

అడుగు 8: బల్ల మీద, తర్వాత గట్టు మీద

డెవలప్‌మెంట్ బోర్డు కొని, ప్రోబు స్థానంలో ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి 1,000 కొలతలు తీయండి. అంకెలు ఎంత వెడల్పున చెదురుతున్నాయో రాసుకోండి. పక్కన కాంటాక్టర్‌ను కొట్టిస్తూ మళ్లీ తీయండి. మోడెము సందేశం పంపుతుండగా మరోసారి తీయండి. 2జీ మోడెము పంపేటప్పుడు 2 ఆంపుల దాకా గుటకలు గుటకలుగా, సెకనుకు 217 సార్లు లాగుతుంది. ఆ దెబ్బ కొలతలో కనిపిస్తే, పంపేటప్పుడు కొలవకుండా ప్రోగ్రాము రాయండి, అనలాగ్ సరఫరాకు ఫెర్రైట్ బీడు (రొదను అడ్డుకునే చిన్న భాగం) పెట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తో 65 డిగ్రీలకు వేడి చేసి సున్నా ఎంత జరిగిందో చూడండి. సరఫరాను యాభైసార్లు తీసి పెట్టి, ఒక్కసారి కూడా రిలే అనవసరంగా కొట్టుకోలేదని తేల్చుకోండి.

ఇవన్నీ గట్టెక్కిన చిప్పునే చెరువు దగ్గరకు తీసుకువెళ్లండి. నమ్మకమైన చేతి డీఓ మీటరు పక్కన పెట్టుకుని, సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు దాకా గంటగంటకూ రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. కాంటాక్టర్ అదుపును ఆ రాత్రి బోర్డుకు ఇవ్వకండి, కొలవడం వరకే. కనీసం మూడు రాత్రులు, వీలైతే అందులో ఒకటి వాన పడిన రాత్రి. తెల్లవారుజాము అంకెల్లో తేడా 0.3 మిల్లీగ్రాము దాటితే, మొదట ప్రోబు పొర మీద పేరుకున్న పాచిని తుడిచి చూడండి. తేడా అలాగే ఉంటే రెండో అడుగుకు వెళ్లి ఆఫ్‌సెట్ లెక్క మళ్లీ కట్టండి.

అడుగు 9: కొనడం

2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు మంచి డిజైన్లెన్నో చిప్పు దొరక్క ఆగిపోయాయి. అందుకే అదే కుటుంబంలో, అవే కాళ్లతో, ఎక్కువ మెమరీ ఉన్న మరో చిప్పు ఉందా అని ముందే చూడండి. తయారీదారు ఎన్నేళ్లు తయారు చేస్తానని మాట ఇచ్చాడో చదవండి. అధీకృత పంపిణీదారు దగ్గరే కొనండి. వీధి దుకాణంలో చవకగా దొరికే చిప్పు పైన ముద్ర సరిగ్గానే ఉంటుంది, లోపలి లీకేజీ మాత్రం ఎవరి హామీలోనూ ఉండదు. కొన్న ప్రతి రీలు నుంచి రెండు చిప్పులు తీసి, ఇన్‌పుట్ షార్ట్ చేసే పరీక్షను, వేడి పరీక్షను మళ్లీ చేసి, అంకెలను మొదటి చిప్పు అంకెల పక్కనే అదే నోటుపుస్తకంలో రాయండి.